పెద్ద వంతెన ఏ గాలికి పడిపోతుందో ముందే కచ్చితంగా చెప్పగలరా?

ఆత్మకూరు నుంచి ఒక ఇంజనీరింగ్ విద్యార్థి అడిగిన ప్రశ్న ఇది. కుదించి చెబుతున్నాను. కృష్ణ మీద సోమశిల, సిద్ధేశ్వరం మధ్య తీగల వంతెన అంటున్నారు. చుట్టూ నల్లమల, నది మీద విపరీతమైన గాలి. అమెరికాలో టకోమా వంతెన గాలికి రెజొనెన్స్ వచ్చి కూలిందని క్లాసులో చెప్పారు. ఇన్ని కంప్యూటర్లు ఉన్న ఈ రోజుల్లో ఫలానా వేగం గాలికి వంతెన పోతుందని ఇంజనీర్లు కచ్చితంగా చెప్పగలరా? చెప్పగలిగితే ఇంకా చిన్న మోడళ్లు చేసి విండ్ టన్నెల్లో, అంటే గాలి వీచే సొరంగంలో, పెట్టి చూడటం దేనికి? వంతెన ఊగినట్టు అనిపిస్తే జనం భయపడాలా?

ముందు సూటిగా జవాబు. ఒక్క అంకెగా కచ్చితంగా చెప్పలేం. ఒక వేగం చెప్పగలం, అది ఎంత అటూ ఇటూ కావచ్చో కూడా చెప్పగలం. రెండోది లేకుండా మొదటిది మాత్రమే చెప్పిన ఇంజనీరు సగం పనే చేసినట్టు. ఆ అటూ ఇటూని నిజాయితీగా లెక్కలోకి తీసుకుని కట్టిన వంతెన గాలికి కూలే అవకాశం చాలా చాలా తక్కువ. టన్నెల్ ఎందుకంటే, ఆ అటూ ఇటూని తగ్గించే దారుల్లో ఇప్పటికీ అదే ముఖ్యమైనది. టకోమా సంగతి మాత్రం మీ క్లాసులో చెప్పినట్టు జరగలేదు. దాని దగ్గరకు వస్తాను.

నా అనుభవం ఏమిటో చెప్పడం న్యాయం. ఉద్యోగంలో చేరిన కొత్తలో అనంతపురం జిల్లా గుట్టల మీద గాలిమరల కోసం గాలి కొలిచే స్తంభాలు నిలబెట్టే పని చేశాను. తర్వాత ముప్పై ఏళ్లు వంతెనల డిజైన్. అందులో ఎక్కువ భాగం కేబుల్ వంతెనల గాలి లెక్కలే. ఇప్పుడు అనంతపురంలోనే ఉంటున్నాను.

మన సీమలో వంతెన పోయిందంటే అందరికీ వరదే గుర్తొస్తుంది. 2021 నవంబరులో కమలాపురం దగ్గర పాపాగ్ని వంతెన కూలి కడప, అనంతపురం దారి తెగిపోవడం మనం చూసిందే. మనకు అలవాటైన వంతెనలు 30, 40 మీటర్లకో స్తంభం ఉన్న కాంక్రీటు వంతెనలు. వాటికి గాలి పెద్ద లెక్క కాదు, అవి బరువైనవి, బిర్రుగా ఉంటాయి. స్తంభానికీ స్తంభానికీ మధ్య దూరం వందల మీటర్లు దాటాక కథ మారుతుంది. డెక్, అంటే బండ్లు నడిచే పలక, తేలిక అవుతుంది, పొడవుకు తగ్గట్టు మెత్తబడుతుంది, ఊగే లయ నిదానమవుతుంది. డెన్మార్క్‌లో 1998లో తెరిచిన గ్రేట్ బెల్ట్ వంతెన మధ్య స్పాన్, అంటే రెండు స్తంభాల మధ్య దూరం, 1,624 మీటర్లు. అది ఒకసారి కిందికి పోయి పైకి రావడానికి దాదాపు 10 సెకన్లు పడుతుంది. అంత నిదానంగా కదిలే వస్తువుతో ఆడుకోవడానికి గాలికి కావలసినంత వ్యవధి దొరుకుతుంది.

టకోమా విషయం. 1940 జూలై 1న తెరిచారు, నవంబరు 7న కూలింది. మధ్య స్పాన్ 853 మీటర్లు, వెడల్పు 12 మీటర్లే, పక్క గర్డర్ల (దూలాల) ఎత్తు 2.4 మీటర్లు. ఆ రోజు గాలి గంటకు సుమారు 68 కిలోమీటర్లు. దానికి రెండింతల గాలి పక్క నుంచి తోసినా నిలబడేంత బలం ఆ వంతెనకు ఉంది. బలం చాలక పోలేదది. పొద్దున పైకీ కిందికీ ఊగుతూ ఉన్నది, పది గంటల ప్రాంతంలో మధ్యలో ఒక కేబుల్ పట్టీ జారాక మెలిక తిరగడం మొదలుపెట్టింది. సుమారు 5 సెకన్లకు ఒక మెలిక. గంటలోపే మధ్య భాగం నీళ్లలో పడింది.

రెజొనెన్స్ అనాలంటే గాలిలో ఏదో ఒకటి 5 సెకన్లకోసారి తోస్తూ ఉండాలి. గర్డర్ వెనక సుడులు పుట్టే లయను లెక్క వేసి చూడండి. సుడుల లయను గాలి వేగానికీ వస్తువు ఎత్తుకూ ముడిపెట్టేది స్ట్రూహాల్ సంఖ్య, అలాంటి నిలువు పలకల ఆకారానికి అది 0.11 దగ్గర ఉంటుంది. గాలి సెకనుకు 19 మీటర్లు, ఎత్తు 2.4 మీటర్లు. 0.11ని 19తో గుణించి 2.4తో భాగిస్తే సెకనుకు దాదాపు ఒక సుడి. వంతెన 5 సెకన్లకోసారి తిరుగుతోంది. రెండు లయలకూ పొంతన లేదు. వంతెనల మీద గాలి ప్రభావాన్ని పరిశోధించిన రాబర్ట్ స్కాన్లన్, యూసుఫ్ బిల్లా కలిసి 1991లో ఫిజిక్స్ ఉపాధ్యాయుల కోసమే ఈ మాట వివరంగా రాశారు. అయినా పాఠాల్లో తప్పు అలాగే సాగుతోంది, అందుకే ఇంత చెప్పాల్సి వస్తోంది.

మరి ఏం జరిగింది? ఉయ్యాలలో కూర్చున్న పిల్లను వెనక నుంచి ఒకరు ఆ లయకే తోస్తుంటే అది రెజొనెన్స్. తోసే చేతికి సొంత లయ ఉంది. చింతకొమ్మకు కట్టిన ఉయ్యాల మీద ఒకడు నిలబడి, ఎవరూ తోయకుండానే మోకాళ్లు వంచి లేస్తూ ఊపు పెంచుకోవడం కూడా మీరు చూసే ఉంటారు. అక్కడ లయగా తోసేవాళ్లు బయట ఎవరూ లేరు, ఊగేవాడి కదలికే ఊపును తెచ్చుకుంటోంది. టకోమాకు వచ్చింది ఫ్లట్టర్ అనే ఊపు, అది ఈ రెండో దానికి దగ్గర. గాలి నిలకడగానే వీస్తుంది. డెక్ కొంచెం మెలిక తిరిగితే గాలి తగిలే కోణం మారుతుంది, కోణం మారితే గాలి తోపు మారుతుంది, ఆ తోపు మళ్లీ మెలికను మారుస్తుంది. తక్కువ వేగంలో ఈ చక్రం ఊపును తినేస్తుంది. ఒక వేగం దాటాక అదే చక్రం ఊపుకు మేత వేస్తుంది. ఆ హద్దునే క్రిటికల్ వేగం అంటాం. మిద్దె మీద తీగకు ఆరేసిన పంచె నిలకడ గాలికే టపటపా కొట్టుకుంటుంది కదా, దానికీ లయ వేసేవాళ్లెవరూ లేరు.

టకోమాలాంటి నిలువు పలకల ఆకారానికి మెలిక ఒక్కటే చాలు, అదే తన ఊపును పెంచుకుంటుంది. ఇప్పటి అంచులు చెక్కిన బాక్స్ డెక్‌కు (లోపల బోలుగా పెట్టెలా ఉండేదానికి) అలా కాదు, పైకీ కిందికీ ఊగడం, మెలిక తిరగడం రెండూ జత కలవాలి. మామూలుగా మెలిక లయ వేగం, నిలువు లయ నిదానం. గాలి పెరిగేకొద్దీ రెండూ ఒకదానికొకటి దగ్గరవుతాయి, ఒక వేగం దగ్గర ఒకే లయలో కలిసిపోతాయి. గ్రేట్ బెల్ట్‌లో నిలువు లయ సెకనుకు 0.1 ఊపు, మెలిక లయ 0.28 దగ్గర. ఈ రెంటి మధ్య ఎడం ఎంత ఎక్కువుంటే అంత మంచిది. స్పాన్ పొడవయ్యేకొద్దీ ఆ ఎడం తగ్గుతూ పోతుంది. రెండు వేల మీటర్ల దగ్గర మాకు నిద్ర పట్టనివ్వని సంగతి ఇదే.

ఇప్పుడు అసలు ప్రశ్న. ఆ హద్దు వేగం చెప్పడంలో కచ్చితత్వం ఎక్కడ పోతుంది?

ఒకటి, గాలి. కట్టడాల మీద గాలి లెక్కకు మన దేశపు కోడ్ ఐఎస్ 875 మూడో భాగంలో, మీకు దగ్గరున్న కర్నూలుకు మూల గాలి వేగం సెకనుకు 39 మీటర్లు. గంటకు 140 కిలోమీటర్లు. చాలామంది విద్యార్థులు ఈ అంకెను తీసుకుని ఫ్లట్టర్ వేగంతో పోల్చేస్తారు. ఆ 39 అంటే నేలకు 10 మీటర్ల ఎత్తులో, బయలు ప్రదేశంలో, 3 సెకన్ల పాటు కొట్టే విసురు. ఫ్లట్టర్‌కు 3 సెకన్లు చాలవు, డెక్ ఒక్క ఊపు ఊగేలోపే ఆ విసురు వెళ్లిపోతుంది. కాబట్టి 10 నిమిషాల సగటుకు మార్చుకోవాలి. బయలులో విసురును సుమారు 1.45తో భాగిస్తే 27 వస్తుంది. డెక్ 50 మీటర్ల ఎత్తులో ఉందనుకుంటే ఎత్తుకు పెంచాలి, అప్పుడు 34 దగ్గర వస్తుంది. ఈ రెండు మార్పుల్లోనూ నేను వాడిన గుణకాలు ఎవరైనా కొంచెం అటూ ఇటూ వాడొచ్చు. ఎవరి లెక్కా తప్పు కాదు, కానీ జవాబులు 31 నుంచి 37 దాకా వస్తాయి.

ఇంకొక సంగతి. కోడ్‌లోని ఆ 39 అనేది 50 ఏళ్లకోసారి వచ్చే గాలి. అంటే 50 ఏళ్ల దాకా రాదని కాదు. 50 ఏళ్లలో కనీసం ఒక్కసారి ఆ వేగం దాటే అవకాశం 64 శాతం. వందేళ్లు నిలవాల్సిన వంతెనకు 87 శాతం. అందుకే ఫ్లట్టర్‌కు దానికంటే చాలా అరుదైన గాలిని తీసుకుంటాం. అంత అరుదైన గాలికి కొలతలు ఎవరి దగ్గరా ఉండవు. కొన్ని దశాబ్దాల రికార్డును సాగదీసి వేల ఏళ్ల గాలిని ఊహిస్తున్నాం, సాగదీసేకొద్దీ గీత వెడల్పవుతుంది.

ఇక కొండలు. గాలిమరల పనిలో ఉన్నప్పుడు ఒకే గుట్ట మీద అర కిలోమీటరు ఎడంలో రెండు స్తంభాలు నిలబెట్టాం. ఆషాఢంలో అటు పక్క మనిషి నిలబడలేకపోతున్నాడు, ఇటు పక్క కింద కళ్లంలో శెనక్కాయలు తూర్పార పట్టడానికి గాలి చాలక ఆడవాళ్లు ఎదురుచూస్తున్నారు. రెండు స్తంభాల రికార్డులు పక్కపక్కన పెడితే అవి ఒకే జిల్లావని కూడా ఎవరూ అనరు. వాలు ఎక్కుతున్న గాలి అడ్డంగా రాదు, కొంచెం పైకి వంగి వస్తుంది. ఆ రెండు మూడు డిగ్రీల వంపు గాలిమరకు చిన్న విషయం. వంతెన డెక్‌కు కాదు. సున్నా డిగ్రీల దగ్గర భేషుగ్గా ఉన్న డెక్ 3 డిగ్రీల దగ్గర క్రిటికల్ వేగం గణనీయంగా పోగొట్టుకోవడం నేను టన్నెల్లో నా కళ్లతో చూశాను.

రెండు, ఆకారం. నా లెక్క ప్రకారం అన్నిటికంటే పెద్ద చిక్కు ఇక్కడే ఉంది, కాబట్టి కొంచెం ఓపిక పట్టండి.

పల్చని రేకుకు గాలి ఎలా తగులుతుందో థియోడార్సన్ 1935లోనే గణితంలో పూర్తిగా రాసిపెట్టాడు, విమానం రెక్కల కోసం. వంతెన డెక్ రేకు కాదు. దానికి రైలింగు ఉంటుంది, క్రాష్ బ్యారియర్ ఉంటుంది, కింద తనిఖీ బండి నడిచే పట్టాలు ఉంటాయి. గాలి ఒక అంచు దగ్గర విడిపోతుంది, కొంత దూరం పోయి మళ్లీ అంటుకుంటుంది, లేదా అంటుకోదు. ఎక్కడ అంటుకుంటుందో పెన్సిల్‌తో చెప్పే సూత్రం లేదు. అందుకే స్కాన్లన్ 1971లో వేరే దారి పట్టాడు. గాలి తోపును డెక్ కదలికకు ముడిపెట్టే కొన్ని గుణకాలు రాసి, వాటిని టన్నెల్లో కొలుచుకోమన్నాడు. వాటినే ఫ్లట్టర్ డెరివేటివ్స్ అంటాం. నిలువు, మెలిక రెండే తీసుకుంటే 8, పక్కకు ఊగడం కూడా కలిపితే 18. వాటిలో ఏ-టూ-స్టార్ అనేది మెలికకు గాలి బ్రేకు వేస్తోందా, యాక్సిలరేటరు తొక్కుతోందా చెబుతుంది. టకోమా ఆకారానికి అది కొద్దిపాటి గాలికే బ్రేకు నుంచి యాక్సిలరేటరుకు మారిపోతుంది.

కొలుస్తాం కదా, మరి అనిశ్చితి ఎక్కడిది? ఒకసారి ఒకే డెక్ మోడల్ కొలతలను రెండు వేర్వేరు టన్నెళ్లకు పంపాం. ఒకచోట మోడల్‌ను స్ప్రింగుల మీద వదిలేసి, తనంతట తాను ఊగుతుంటే కొలిచారు. ఇంకోచోట మోటారుతో ఊపుతూ తోపును కొలిచారు. తిరిగొచ్చిన క్రిటికల్ వేగాల మధ్య తేడా దాదాపు ఎనిమిదో వంతు. ఇద్దరూ మంచి పనివాళ్లే. నాలుగు నెలలు వెతికాం. ఒక చోట రైలింగు కమ్ములు అంత సన్నగా చేయలేక కొంచెం లావు చేశారు, ఖాళీ కాస్త తగ్గింది. అది తేడాలో సగం. మిగతా సగం ఎక్కడి నుంచి వచ్చిందో చివరిదాకా తేలలేదు. రెంటిలో తక్కువ అంకెను తీసుకుని, పైన ఇంకొంత వదులు పెట్టి డిజైన్ చేశాం. ఇప్పటికీ అదే సరైన నిర్ణయం అనుకుంటున్నాను.

దీని వెనక ఇంకో మౌలికమైన కారణం ఉంది. 30 మీటర్ల వెడల్పున్న డెక్‌ను 60వ వంతుకు కుదిస్తే అర మీటరు మోడల్. గాలి మాత్రం అదే గాలి, దాని జిగట కుదరదు. వేగం, సైజు, జిగట కలిపి గాలి ప్రవాహం తీరు చెప్పే రేనాల్డ్స్ సంఖ్య అసలు వంతెనకూ మోడల్‌కూ వందల రెట్లు తేడా వస్తుంది. వాడి అంచులున్న ఆకారానికి ఇది అంత పట్టదు. గుండ్రటి అంచుల బాక్స్‌కు పడుతుంది, గాలి విడిపోయే చోటే మారిపోవచ్చు.

రైలింగు అంత పట్టించుకోవాలా అని అడిగేవాళ్లకు శాన్ ఫ్రాన్సిస్కోలోని గోల్డెన్ గేట్ చూపిస్తాను. 1951 డిసెంబరు 1న గంటకు 111 కిలోమీటర్ల గాలికి అది మెలిక తిరిగితే మూసేశారు, తర్వాత కింద అడ్డ కమ్ములు వేసి బిగించారు. ఈ మధ్య ఇంకా పెద్ద గాలికి తట్టుకోవాలని చేసిన మార్పుల్లో ఒకటి పడమటి వైపు రైలింగులో లావు పలకలు తీసి సన్నవి పెట్టడం. 2020లో అవి గాలికి కూనిరాగం తీయడం మొదలుపెట్టి ఊరంతా వినపడింది. కొన్ని సెంటీమీటర్ల పలకలు మారిస్తే కిలోమీటరుకు పైగా ఉన్న స్పాన్ ఊగే తీరు మారుతుందని వాళ్లు నమ్మారు, లెక్క కట్టారు, మార్చారు.

కంప్యూటర్ సంగతి. నునుపైన బాక్స్ ఆకారానికి ఇప్పటి గాలి లెక్కల ప్రోగ్రాములు బాగానే చెబుతాయి. రెండు ఆకారాల్లో ఏది మేలో తేల్చడానికి నేను వాటినే మొదట వాడతాను, ఖర్చూ కాలమూ ఎంతో కలిసొస్తాయి. రైలింగు, బ్యారియర్, వంగి వచ్చే గాలి, అందులోని అల్లకల్లోలం అన్నీ కలిపితే మాత్రం ప్రోగ్రాములో ఎంచుకునే మోడల్‌ను బట్టి జవాబు మారుతుంది. స్క్రీన్ మీద రంగులు ఎంత అందంగా ఉన్నా ఆ జవాబును టన్నెల్ కొలతతో ఒక్కసారైనా సరిచూడకుండా నేను సంతకం పెట్టను. చెన్నైలో సీఎస్ఐఆర్ వారి స్ట్రక్చరల్ ఇంజనీరింగ్ కేంద్రంలో, కాన్పూర్ ఐఐటీలో ఇలాంటి టన్నెళ్లు ఉన్నాయి. అవకాశం దొరికితే వెళ్లి చూడండి.

జపాన్ వాళ్లు 1,991 మీటర్ల ఆకాషి వంతెనకు డెక్ ముక్క మోడల్‌తో ఆగలేదు. వంతెన మొత్తాన్ని 100వ వంతుకు, సుమారు 40 మీటర్ల పొడవున చేసి, దాని కోసమే కట్టిన టన్నెల్లో పెట్టారు. సెకనుకు 78 మీటర్ల దాకా ఫ్లట్టర్ రాకూడదని హద్దు పెట్టుకున్నారు. పెద్ద గాలికి డెక్ పక్కకు జరిగి, నిలకడగానే కొంచెం మెలిక తిరిగి ఉంటుందని, ఆ మెలిక వల్ల గాలి కోణం మారి ఫ్లట్టర్ లెక్కే మారుతుందని మొత్తం మోడల్‌లో స్పష్టంగా కనిపించింది. చిన్న ముక్క మోడల్ ఆ సంగతి చెప్పదు.

మూడు, డ్యాంపింగ్. డెక్ తనంతట తాను ఊపును ఎంత తినేస్తుందనేది. స్టీలు వంతెనకు డిజైన్‌లో 0.3 నుంచి 0.5 శాతం అని రాసుకుంటాం. కట్టేదాకా అది ఊహే. పూర్తయిన ఒక కేబుల్ వంతెన మీద సెన్సర్లు పెట్టి వేర్వేరు రోజుల్లో కొలిస్తే ఒకే ఊపుకు నాకు 0.3 నుంచి 0.8 దాకా వచ్చాయి. అదే వంతెన లయలు మాత్రం మా లెక్కకు రెండు మూడు శాతంలోపే కలిశాయి. లయను నమ్మొచ్చు, డ్యాంపింగ్‌ను నమ్మకూడదని ఆ రోజు నుంచి నా పద్ధతి. ఒక మినహాయింపు చెప్పాలి. మంచి బాక్స్ డెక్‌లో రెండు ఊపులు జతకలిసి వచ్చే ఫ్లట్టర్‌కు డ్యాంపింగ్ కొంత తేడా వచ్చినా వేగం పెద్దగా మారదు. మారేది సుడుల వల్ల వచ్చే ఊపు, అది డ్యాంపింగ్ మీదే నిలబడి ఉంటుంది.

ఇవన్నీ కలిపితే ఏమవుతుందో చిన్న లెక్కతో చూపిస్తాను. అంకెలు ఉదాహరణకే, ఏ వంతెనవీ కావు. వంతెన జీవితకాలంలో వచ్చే అతి పెద్ద 10 నిమిషాల గాలి సెకనుకు 36 మీటర్లు, అటూ ఇటూ 4. మనం చెప్పిన క్రిటికల్ వేగం 58. రెంటికీ నిష్పత్తి 1.6, కాగితం మీద నిశ్చింతగా కనిపిస్తుంది. ఆ 58 మీద మన అనిశ్చితి 10 శాతం అయితే, అంటే అటూ ఇటూ 5.8, గాలి ఆ క్రిటికల్ వేగాన్ని దాటేసే అవకాశం సుమారు వెయ్యికి ఒకటి. అదే 58 మీద అనిశ్చితి 5 శాతమే అయితే రెండు లక్షలకు ఒకటి. వంతెనలో ఒక్క బోల్టు మారలేదు. 58 అనే అంకె మారలేదు. మన జ్ఞానం కాస్త మెరుగైతే ప్రమాదం అంచనా రెండు వందల రెట్లు మారింది. అందుకే క్రిటికల్ వేగం ఎంత అని ఎవరైనా చెబితే, ప్లస్ ఆర్ మైనస్ ఎంత అని వెంటనే అడగండి. ఇక్కడ రెండు అంకెలకూ మామూలు గంట ఆకారపు పంపిణీ (నార్మల్ డిస్ట్రిబ్యూషన్) వాడాను. అసలు గాలికి తోక ఇంకా పొడవు, అంటే అతి పెద్ద గాలులు ఆ ఆకారం చెప్పేదానికంటే ఎక్కువ వస్తాయి, కాబట్టి నిజం నా లెక్క కంటే కొంచెం కటువుగానే ఉంటుంది.

ఇప్పుడు ఊగడం, భయం సంగతి. ఊగే ప్రతి వంతెనా ఫ్లట్టర్‌లో ఉన్నట్టు కాదు. 2020 మే 5న చైనాలో 888 మీటర్ల హుమెన్ వంతెన మోస్తరు గాలికే అలలు అలలుగా పైకీ కిందికీ ఊగింది. 1997 నుంచి ఉన్న వంతెన. ఆ రోజు కొత్తగా ఏముందంటే, మరమ్మతు పని కోసం డెక్ అంచుల వెంట వరసగా పెట్టిన నీళ్లు నింపిన ప్లాస్టిక్ అడ్డాలు. వాటితో ఆకారం మారి, అంచు దగ్గర సుడులు క్రమంగా పుట్టి, ఆ లయ వంతెన నిలువు లయతో కలిసింది. రెజొనెన్స్ అనే మాట నిజంగా ఇక్కడ దగ్గరగా సరిపోతుంది. ఈ రకం ఊపు ఒక మేర పెరిగి ఆగుతుంది, గాలి వేగం మారితే తగ్గిపోతుంది. కూల్చదు గానీ జనాన్ని హడలెత్తిస్తుంది, కీళ్లను అరగదీస్తుంది. గ్రేట్ బెల్ట్ కూడా కట్టడం చివరి దశలో ఇలాగే ఊగింది, డెక్ కింది అంచులకు గాలిని మళ్లించే రెక్కలు బిగించి ఆపారు.

నాకు హుమెన్ వార్త చూడగానే మన దగ్గర జరిగినదే గుర్తొచ్చింది. వాగు అవతల గుడి, ఇవతల ఊరు, మధ్యలో నడక కోసం తీగల వంతెన. జాతర రోజుల్లో సాయంత్రం ఫోన్ వచ్చింది, వంతెన పట్టుకుంటే చాలు ఎగిరి పడుతోంది, జనం మధ్యలో ఇరుక్కుపోయారని. వెళ్లేసరికి జానెడు ఎత్తున లేస్తూ పడుతోంది. చూస్తే రెండు పక్కలా రైలింగు పొడుగునా, ఇంత సందు లేకుండా ఫ్లెక్సీలు కట్టి ఉన్నాయి. గాలి పోవాల్సిన కమ్ముల సందులన్నీ మూసుకుపోయి, సన్నటి నడక పలక కాస్తా నడుమెత్తు గోడ అయింది. నలుగురు కుర్రాళ్లు కత్తులతో తాళ్లు కోసి ఫ్లెక్సీలు కిందికి వదిలారు. పది నిమిషాల్లో వంతెన సద్దుమణిగింది. ఆ వంతెన డిజైన్‌లో తప్పేమీ లేదు. డిజైన్ చేసిన ఆకారం ఆ రోజు అక్కడ లేదు, అంతే. అనిశ్చితి లెక్కల్లో ఇలాంటిదానికి ఏ గుణకమూ రాయరు. రాయాలని నేను ప్రతి మీటింగులో అడిగేవాణ్ణి.

మీ వంతెనకు వద్దాం. 2022 అక్టోబరులో కేంద్ర రహదారుల శాఖ 1,082.56 కోట్లతో ఆమోదం ప్రకటించినప్పుడు చెప్పిన ప్రకారం అది కొంత కేబుల్ స్టే (స్తంభం నుంచి ఏటవాలు తీగలు నేరుగా డెక్‌ను పట్టేది), కొంత సస్పెన్షన్ (పెద్ద కేబుళ్లకు డెక్ వేలాడేది) కలిసిన రకం, దాంతో పాటు అద్దాల నడకదారి. ఈ జోడు పద్ధతికి పెద్ద ఉదాహరణ ఇస్తాంబుల్ దగ్గర 2016లో తెరిచిన 1,408 మీటర్ల యావుజ్ సుల్తాన్ సెలిమ్ వంతెన. పైలాన్ల (ఎత్తైన స్తంభాల) దగ్గర ఏటవాలు తీగలు డెక్‌ను బిగించి పట్టుకుంటాయి, ఊపు తగ్గించడానికి మంచి ఆలోచన. మీ దగ్గర కృష్ణలో పడవ మునిగి పదుల మంది పోయిన 2007 నాటి దుఃఖం ఇంకా మానలేదు. మీ వంతెన రావాలని మీకెంత కోరికో నాకూ అంతే.

అక్కడ నేను డిజైన్ బల్ల దగ్గర ఉంటే మొదట పట్టుబట్టేది గాలి కొలత మీద. కర్నూలు అంకెను తెచ్చి నల్లమల లోయకు అంటించకుండా, డెక్ ఎత్తులో రెండు గట్ల మీదా స్తంభాలు పెట్టి, కనీసం రెండు మూడేళ్లు వేగం, దిక్కు, పైకి వంపు అన్నీ కొలవాలి. ఆ చోటుకు ఒక ప్రత్యేకత ఉంది. శ్రీశైలం జలాశయం నిండు మట్టం 885 అడుగులు. నిండినప్పుడు వంతెన కింద మైళ్ల కొద్దీ నునుపైన నీళ్లు. ఎండాకాలం నీరు తగ్గి సంగమేశ్వరం గుడి బయటపడే రోజుల్లో అదే చోట బండలు, ఒండ్రు, లోతైన పాయ. గాలికి నేల గరుకుదనం మారింది, నేల నుంచి డెక్ ఎత్తూ మారింది. మనకు ఒక్కసారిగా విరుచుకుపడే గాలివానలు వచ్చేది సరిగ్గా ఆ నీళ్లు తగ్గిన ఏప్రిల్, మే నెలల్లోనే. ఆషాఢ గాలి వేరు, అది నిలకడగా రోజుల తరబడి వీస్తుంది. రెండు కాలాలకూ రెండు లెక్కలు కావాలి. కోడ్ పుస్తకంలో ఒక్క అంకే ఉంటుంది.

రెండోది కట్టేటప్పటి సంగతి. పూర్తయిన వంతెన కంటే సగం కట్టిన వంతెనే గాలికి బలహీనం. డెక్ ముక్కలు కేబుళ్లకు వేలాడుతూ ఇంకా ఒకదానికొకటి పూర్తిగా అతకని దశలో మెలికకు ఎదురు నిలిచే బిర్రుతనం ఉండదు, క్రిటికల్ వేగం చాలా కిందికి పడిపోతుంది. ఆ దశ ఏ నెలల్లో పడుతుందో చూసుకుని పని క్యాలెండర్ వేసుకోవాలి.

అద్దాల నడకదారి గురించి మీరు అడగలేదు, కానీ నాకు అన్నిటికంటే ఎక్కువ ఆసక్తి దాని మీదే. పలక అద్దం కావడం వల్ల గాలికి తేడా లేదు. తేడా వచ్చేది దాని పక్కన జనం పడకుండా పెట్టే అడ్డం వల్ల. అది సందులున్న కమ్ములా, మూసేసిన అద్దం గోడా? ఎంత ఎత్తు? డెక్‌కు ఏ అంచున? టన్నెల్ మోడల్‌లో అచ్చం అదే అడ్డం, అంతే ఖాళీ శాతంతో ఉండాలి. తర్వాత ఎవరైనా అందం కోసమో సెల్ఫీ పాయింట్ కోసమో మార్చాలంటే మళ్లీ టన్నెల్‌కు పోవాలి. ఎండ తగలకుండా ఒక వైపు షీటు కడదామన్నా అంతే.

ఇక ఆ వంతెన మీద నడుస్తూ ఊగినట్టు అనిపిస్తే ఏం చేయాలన్నది. పైకీ కిందికీ నిదానంగా, మెత్తగా కదలడం తీగల వంతెనకు సహజం. లారీ పోయినా కదులుతుంది, విసురు గాలికీ కదులుతుంది. చూడాల్సింది డెక్ రెండు అంచులను. ఎదురుగా దూరంగా ఉన్న లైటు స్తంభాల వరసను చూడండి. ఎడమ స్తంభం పైకి, కుడి స్తంభం కిందికి, మళ్లీ తిరగబడి, అలా మెలిక కనిపిస్తూ ప్రతిసారీ పెరుగుతుంటే దగ్గరున్న గట్టు వైపు నడవండి, రోడ్డు మధ్య గీత వెంట. మెలికకు అక్కడే కదలిక తక్కువ. టకోమా మీద చివరి నిమిషాల్లో, దాని ఊపును పరిశోధిస్తున్న ప్రొఫెసర్ ఫర్‌కార్సన్ ఆ మధ్య గీత వెంటే నడుచుకుంటూ బయటికొచ్చాడు.